గజ్జి పుండ్ల తర్వాత బాబుకి కిడ్నీ వాపు: "సొంత పొర మీదే యాంటీబాడీలు" అంటే గుడ్‌పాశ్చరేనా?

సోంపేట ఆడపడుచు · జూన్ 14, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్షమించండి.

పుట్టిల్లు సోంపేట దగ్గర పల్లె, ఉండేది వైజాగ్. బాబుకి ఏడేళ్లు. వేసవి సెలవులకి అమ్మ దగ్గర వదిలాం. అక్కడ ఇంట్లో పిల్లలందరికీ గజ్జి. వీడు గోకి గోకి కాళ్ల నిండా చీముపొక్కులు తెచ్చుకున్నాడు. అమ్మ వేపాకు, పసుపు నూరి రాసింది. మే నెలాఖరుకి ఎండిపోయాయి.

వైజాగ్ వచ్చిన పది రోజులకి పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. దోమ కుట్టిందేమో అనుకున్నా. సాయంత్రం బాత్రూంలోంచి "అమ్మా, కాఫీ వస్తోంది" అని పిలిచాడు. వెళ్లి చూస్తే నిజంగానే డికాక్షన్ రంగు. ఆస్పత్రిలో బీపీ 138/94 ఉంది. ఏడేళ్ల పిల్లాడికి బీపీ ఏమిటని నాకు కాళ్లు ఆడలేదు. క్రియాటినిన్ 1.1, మూత్రంలో ప్రొటీన్ 2 ప్లస్, ఎర్ర కణాలు లెక్కలేనన్ని, సీ3 అనే రక్తపరీక్ష 28 (ఆ ల్యాబ్‌లో 90 పైన ఉండాలట), స్ట్రెప్ అనే క్రిమి జాడ చూసే ఏఎస్ఓ మాత్రం నార్మల్. ఐదు రోజులు ఉంచి, నీరు దిగే మందు, బీపీ మందు ఇచ్చారు. పోస్ట్ స్ట్రెప్టోకోకల్ గ్లోమెరులోనెఫ్రైటిస్ అన్నారు, అంటే స్ట్రెప్ ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే కిడ్నీ వాపట. నిన్న ఇంటికొచ్చాం, వాపు తగ్గింది.

ఇప్పుడు అసలు బాధ. డల్లాస్‌లో ఉన్న మా మరిది ఒక 1986 నాటి పరిశోధన పేపర్ పంపాడు. ఇదే జబ్బు వచ్చినవాళ్ల రక్తంలో కిడ్నీలో బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పొరలోని కొల్లాజెన్, లామినిన్ అనే ప్రొటీన్లకి వ్యతిరేకంగా యాంటీబాడీలు దొరికాయని అందులో ఉంది. ఆ మాటలే గూగుల్‌లో కొడితే గుడ్‌పాశ్చర్ అనే జబ్బని, కిడ్నీలు వారాల్లో పోతాయని వస్తోంది. మా వైపు కిడ్నీ అన్న మాట వింటేనే ఎలా ఉంటుందో మీకు తెలుసు. బాబుకి ఆ జబ్బు యాంటీబాడీ చూసే యాంటీ జీబీఎం టెస్ట్ చేయించాలా? డాక్టర్ గారిని అడగడానికి కూడా భయంగా ఉంది.

---

నైట్ డ్యూటీ · జూన్ 15, ఉదయం 3:20

అక్కా, నేను నెఫ్రాలజీలో పీజీ చేస్తున్నాను. డ్యూటీలో ఉన్నాను కాబట్టి ముక్కలుగా రాస్తా.

ముందు ఒక్క మాట. మీరు రాసిన అంకెల్లో మీకు ధైర్యం ఇవ్వాల్సింది ఆ సీ3 28. సీ3 అంటే క్రిములతో పోరాడే కాంప్లిమెంట్ అనే రక్త ప్రొటీన్ల గుంపులో ఒకటి. అది తక్కువుందని భయపడుతున్నట్టున్నారు, కానీ ఇక్కడ అదే మంచి గుర్తు. గజ్జి పుండ్ల తర్వాత వచ్చే ఈ జబ్బులో సీ3 బాగా పడిపోతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ లేస్తుంది. గుడ్‌పాశ్చర్‌లో రక్తంలో సీ3 సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పైగా అది ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి, అటూ ఇటూగా, వచ్చే జబ్బు. పిల్లల్లో మరీ అరుదు.

పుండ్లు ఎండిపోయాక కిడ్నీకి రావడమేమిటని మీకు అనిపించి ఉంటుంది. చర్మం మీద స్ట్రెప్ అయితే మూడు నుంచి ఆరు వారాలు, గొంతులో అయితే ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మీ బాబు లెక్క సరిగ్గా సరిపోయింది.

---

నైట్ డ్యూటీ · జూన్ 15, ఉదయం 4:05

ఇందాకటిది పూర్తి చేస్తాను. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల చిన్న చిన్న రక్తనాళాల ఉండలుంటాయి. అవే గ్లోమెరులస్‌లు. రక్తం అక్కడే వడకడుతుంది. వడకట్టే గుడ్డ లాంటిది మధ్యలో ఉండే బేస్‌మెంట్ మెంబ్రేన్, మనం జీబీఎం అంటాం. మందం మిల్లీమీటరులో సుమారు మూడు వేలవ వంతు. దాని నేత టైప్ 4 కొల్లాజెన్, లామినిన్, ఇంకా నెగటివ్ చార్జ్ ఉండే హెపరాన్ సల్ఫేట్ గొలుసులు.

గుడ్‌పాశ్చర్‌లో ఐజీజీ యాంటీబాడీ నేరుగా ఆ నేతలోని ఒక పోగునే పట్టుకుంటుంది. టైప్ 4 కొల్లాజెన్‌లో ఆల్ఫా 3 అనే గొలుసు, దాని చివర ఎన్‌సీ1 అనే ముక్క. అది పొర పొడవునా ఉంటుంది కాబట్టి బయాప్సీలో తీసిన కిడ్నీ ముక్కకి మెరిసే రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నటి గీతలా వెలుగుతుంది. మీ బాబుకి వచ్చిన జబ్బులో స్ట్రెప్ ముక్కలు, వాటి యాంటీబాడీలు, కాంప్లిమెంట్ కలిసి గుట్టలుగా పడతాయి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. మా మేడమ్ క్లాసులో చెప్పేవారు: ముగ్గులో చుక్కలు మాత్రమే కనిపిస్తే ఇన్ఫెక్షన్, గీత గీసేసి ఉంటే గుడ్‌పాశ్చర్ అని.

ఇంత స్పష్టంగా ఉన్న కేసులో పిల్లలకి మేం బయాప్సీ చేయం. క్రియాటినిన్ రోజురోజుకీ పెరిగితేనో, సీ3 ఎనిమిది వారాలు దాటినా లేవకపోతేనో ఆలోచిస్తాం.

---

అడ్డ ప్రశ్న · జూన్ 15, ఉదయం 8:41

డాక్టర్ బాబూ, చెప్పింది బాగుంది కానీ అసలు ప్రశ్న పక్కకి పోయింది. ఆ పేపర్‌లో కొల్లాజెన్‌కి, లామినిన్‌కి యాంటీబాడీలు *ఉన్నాయి* అని రాశారు కదా. అవి పొర మీద కూర్చుంటే గీత రావాలి. చుక్కలే వస్తున్నాయంటే పేపర్ తప్పా, చుక్కల సిద్ధాంతం తప్పా?

---

పెట్రీ పళ్లెం · జూన్ 15, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్న. నేను మైక్రోబయాలజీ పాఠం చెప్పుకునే మనిషిని, పేషెంట్లను చూసేవాణ్ని కాను. కానీ ఈ పేపర్ సంగతి నాకు ఇష్టమైనది, కాస్త పొడవైనా ఓపిక పట్టండి.

ఆ రక్త నమూనాల వెనక ట్రినిడాడ్ దీవి ఉంది. దక్షిణ ట్రినిడాడ్‌లో 1950ల నుంచి పిల్లల్లో నెఫ్రైటిస్, అంటే ఈ కిడ్నీ వాపు, అలలు అలలుగా వచ్చేది. కారణం గజ్జి, దాని మీద స్ట్రెప్ పుండ్లు. సాన్ ఫెర్నాండోలో పనిచేసిన డాక్టర్ థియోడోసియస్ పూన్ కింగ్ దాన్ని ఏళ్ల తరబడి వెంటాడి 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాశారు. మనకి ఇందులో ఒక చుట్టరికం ఉంది. 1845 నుంచి 1917 దాకా ఆ దీవి చెరకు తోటలకి కూలీలుగా వెళ్లింది మనవాళ్లే. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో, కొందరు మద్రాసు ఓడల్లో. ఆ దక్షిణ భాగంలో ఇప్పటికీ వాళ్ల సంతతి చాలామంది. అందుకే ఆ కేసుల వర్ణన చదువుతుంటే మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గుర్తొస్తుంది.

1985లో ఫిలిట్, జబ్రిస్కీ బృందం ఈ రోగుల రక్తంలో గ్లోమెరులస్‌లోని హెపరాన్ సల్ఫేట్ ప్రొటియోగ్లైకాన్‌కి యాంటీబాడీలు చూపించింది. 1986లో కెఫాలిడెస్‌తో కలిసి కొల్లాజెన్‌కి, లామినిన్‌కి కూడా చూపించారు. కెఫాలిడెస్ అంటే టైప్ 4 కొల్లాజెన్‌ని మొదట వేరు చేసి చూపిన మనిషి. కాబట్టి పేపర్ తప్పు కాదు.

చిక్కంతా అర్థం చెప్పడంలో. మూడు రకాలుగా చదవొచ్చు. స్ట్రెప్‌లోని ఏదో ప్రొటీన్ మన పొరలోని ప్రొటీన్‌లా ఉండి, దాని కోసం తయారైన యాంటీబాడీ పొరపాటున పొరని కూడా కొడుతోంది అనేది ఒకటి. కీళ్లవాతపు జ్వరంలో గుండె విషయంలో చెప్పే మాటే ఇది. లేదా ముందు పొర దెబ్బతిని, అప్పటిదాకా దాగి ఉన్న ముక్కలు బయటపడి, శరీరం వాటిని కొత్తవి అనుకుని యాంటీబాడీలు చేసింది. ఇక మూడోది, జబ్బు ఊపులో శరీరం రకరకాల యాంటీబాడీలు తయారుచేస్తుంది, అందులో ఇవీ కొన్ని, వీటికి పెద్ద పని లేదు అని.

నా మొగ్గు రెండో దాని వైపు. ఎందుకంటే నెఫ్రైటిస్ తెచ్చే స్ట్రెప్ నుంచి వచ్చే ఒక ప్రొటీన్, పొడి అక్షరాల్లో ఎన్ఏపీఎల్ఆర్, కిడ్నీలో అతుక్కుని ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌ని అక్కడికి లాగుతుంది. ప్లాస్మిన్ పని కోయడమే. పొర నేతలో పోగులు తెగితే కొత్త చివరలు బయటపడతాయి. గోడ కూలాక ఇటుకలు కనిపించాయని, ఇటుకలే గోడని కూల్చాయనలేం కదా.

అడ్డ ప్రశ్న గారికి సూటి జవాబు: "కొల్లాజెన్‌కి యాంటీబాడీ" అన్నంత మాత్రాన గుడ్‌పాశ్చర్ కాదు. కొల్లాజెన్‌లో ఏ గొలుసు, ఆ గొలుసులో ఏ చివర, ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఎంత మోతాదులో ఉంది అన్నది మొత్తం తేడా. ఊరి పేరు ఒకటే అయినంత మాత్రాన ఇంటి నంబరు ఒకటి కాదు.

---

ప్రకృతి మార్గం · జూన్ 15, సాయంత్రం 5:30

అమ్మా, ఈ యాంటీబాడీల గొడవ వదిలెయ్. బాబుకి రోజూ పరగడుపున కొండపిండాకు రసం, రెండు కొబ్బరి బొండాలు పట్టించు. పది రోజుల్లో కిడ్నీ కడిగినట్టవుతుంది. మా ఇంట్లో ముగ్గురికి తగ్గింది.

---

నైట్ డ్యూటీ · జూన్ 15, సాయంత్రం 5:38

దయచేసి వద్దు. మూత్రం తగ్గిన పిల్లాడికి కొబ్బరి నీళ్లంటే పొటాషియం పోసినట్టే, గుండె లయ తప్పే ప్రమాదం. ఈ జబ్బులో నీళ్లే కొలిచి ఇస్తాం. ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, చిప్స్ బంద్. ఈ జబ్బు ఎటూ పది పదిహేను రోజుల్లో చాలామంది పిల్లల్లో తనంతట తానే దిగుతుంది. ఆ క్రెడిట్ ఆకు పసరుకి పోతుంటుంది, అంతే.

---

వేదిక నిర్వాహకులు · జూన్ 15, సాయంత్రం 6:10

పసర్ల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి. ఇక్కడ ఇంకా కొనసాగిస్తే తీసేస్తాం.

---

సోంపేట ఆడపడుచు · జూన్ 15, రాత్రి 9:47

అందరికీ చాలా థాంక్స్. ముగ్గు మాట విన్నాక కొంచెం ప్రాణం కుదుటపడింది. బొండాలు మా అత్తగారు అప్పుడే రెండు కొనిపెట్టారు, మా వారు తాగేశారు.

ఇంకో భయం కూడా అడిగేస్తా. మా నాన్నగారి అన్నయ్యకి డయాలసిస్ చేస్తూ చేస్తూనే పోయారు. ఉద్దానం కిడ్నీ. బాబు నెల రోజులు అక్కడి నీళ్లు తాగాడు. అది కాదు కదా?

---

నైట్ డ్యూటీ · జూన్ 15, రాత్రి 10:30

కాదక్కా. ఉద్దానం జబ్బు కవిటి, సోంపేట, కంచిలి వైపు పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. దెబ్బ ప్రధానంగా కిడ్నీలోని సన్న గొట్టాలకి, వాటి మధ్య కణజాలానికి. మూత్రంలో రక్తం, ముఖం వాపు, ఉన్నట్టుండి బీపీ దాని తీరు కాదు. దాని కారణం మీద పరిశోధన ఇంకా నడుస్తూనే ఉంది, కానీ నెల రోజుల నీళ్లకి ఏడేళ్ల పిల్లాడికి డికాక్షన్ మూత్రం రావడం ఆ కథ కాదు. పెదనాన్నగారి సంగతి వింటే బాధగా ఉంది.

---

మైక్రోస్కోప్ మావయ్య · జూన్ 16, ఉదయం 6:15

ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్‌లో చేసి రిటైరయ్యా. ఎవరూ పట్టించుకోని ఒక ముక్క చెప్తా. అమ్మాయి "ఏఎస్ఓ నార్మల్" అని రాసింది. అది చూసి చాలామంది స్ట్రెప్ కాదేమో అని దారి తప్పుతారు. ఏఎస్ఓ అంటే స్ట్రెప్ వదిలే స్ట్రెప్టోలైసిన్ అనే పదార్థానికి పుట్టే యాంటీబాడీ, గొంతు ఇన్ఫెక్షన్‌కి బాగా పెరుగుతుంది. చర్మంలో ఉండే కొవ్వు పదార్థాలు ఆ స్ట్రెప్టోలైసిన్‌ని పట్టేసుకుంటాయి, అందుకే పుండ్ల తర్వాత ఏఎస్ఓ పెద్దగా లేవదు. అక్కడ చూడాల్సింది యాంటీ డీఎన్‌ఏజ్ బీ అనే ఇంకో స్ట్రెప్ యాంటీబాడీ. అన్ని ల్యాబుల్లో దొరకదు. కాలి మీద మచ్చలుంటే నా లెక్కలో అవే రిపోర్టు.

యాంటీ జీబీఎం గురించి కూడా: అవసరం లేనిచోట చేసే టెస్ట్‌కి తప్పుడు పాజిటివ్ బెడద ఎక్కువ. కొంచెం గీత దాటిన అంకె వస్తే ఆ ఇల్లు ఇక నిద్రపోదు.

---

రెండో కిడ్నీ · జూన్ 16, రాత్రి 11:08

రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నా. రాయాలనిపించింది. ఆ పది లక్షల్లో ఒకడిని నేనే.

2019, హైదరాబాద్, నాకు 34. రోజుకి పెట్టె సిగరెట్లు. జలుబు, ఒళ్లునొప్పులు వారం ఉండి తగ్గాయి. తర్వాత దగ్గితే రక్తపు జీర. మొదట చూసినచోట టీబీ అన్నారు. తప్పు పట్టను, మన దగ్గర రక్తం దగ్గితే మొదట గుర్తొచ్చేది అదే. కానీ ఎవరూ మూత్రం పరీక్ష చేయలేదు, అదే నా పదమూడు రోజుల్ని తినేసింది. ఆయాసం పెరిగి వేరేచోట చేరేసరికి క్రియాటినిన్ 9.2.

ఆ పొరలోని అదే కొల్లాజెన్ గొలుసు ఊపిరితిత్తుల గాలి గదుల్లో కూడా ఉంటుందట. సిగరెట్ పొగ అక్కడ పొరని బట్టబయలు చేస్తే యాంటీబాడీకి దారి దొరుకుతుందట. బయాప్సీ ఫొటో చూపించారు. పచ్చగా, సన్నగా, తెగని గీత. నిజం చెప్పాలంటే అందంగా ఉంది.

పద్నాలుగు సార్లు ప్లాస్మా మార్చారు. రక్తం బయటికి తీసి, యాంటీబాడీలున్న పసుపు నీరు పారేసి, కొత్తది కలిపి ఎక్కిస్తారు. మళ్లీ తయారు కాకుండా స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్. ఊపిరితిత్తులు బతికాయి, కిడ్నీలు బతకలేదు. డయాలసిస్ మొదలయ్యాక వస్తే కిడ్నీ తిరిగి రావడం చాలా తక్కువని ముందే చెప్పారు. యాంటీబాడీ సున్నాకి వచ్చి ఆరు నెలలు అలాగే నిలిచాకే మార్పిడి అన్నారు. 2021లో అమ్మ ఇచ్చింది.

చెల్లెమ్మా, ఇది రాసింది భయపెట్టడానికి కాదు. నా జబ్బులో రోజులు లెక్క. నీ బాబు జబ్బులో నూటికి తొంభై ఐదు మందికి పైగా పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. రెండింటికీ ఒకే పేరు పెట్టుకుని నిద్ర పాడుచేసుకోకు.

---

అడ్డ ప్రశ్న · జూన్ 17, ఉదయం 7:55

రెండో కిడ్నీ గారూ, చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. ఇప్పుడెలా ఉన్నారు?

ఒక చిన్న సందేహం. గుడ్‌పాశ్చర్ అనే డాక్టరే ఈ యాంటీబాడీ కనిపెట్టాడని చదివాను. మీకు కూడా జలుబు తర్వాతే వచ్చింది. మరి ఇది కూడా ఇన్ఫెక్షన్ తర్వాతి జబ్బే కదా?

---

పెట్రీ పళ్లెం · జూన్ 17, ఉదయం 10:22

ఆయన కనిపెట్టలేదు. ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ 1919లో, ఆ పెద్ద ఫ్లూ కాలంలో, పద్దెనిమిదేళ్ల కుర్రాడి శవపరీక్ష వివరాలు రాశాడు. ఊపిరితిత్తుల్లో రక్తం, కిడ్నీలో వాపు. యాంటీబాడీని చూసే సాధనం అప్పటికి లేదు. 1958లో ఆస్ట్రేలియాలో స్టాంటన్, టాంజ్ అలాంటి తొమ్మిది కేసులు రాస్తూ ఆయన పేరు పెట్టారు. యాంటీబాడీయే జబ్బు తెస్తుందని తేలింది 1967లో. లెర్నర్, గ్లాసాక్, డిక్సన్ రోగుల నుంచి తీసిన యాంటీబాడీలు కోతులకి ఎక్కిస్తే వాటికీ నెఫ్రైటిస్ వచ్చింది. ఆ 1919 కుర్రాడికి ఉన్నది ఇదే జబ్బో, వేరే రక్తనాళాల వాపో అని ఇప్పటికీ వాదించుకుంటారు. గుడ్‌పాశ్చర్ అసలు పేరు తెచ్చుకున్నది కోడిగుడ్డులో వైరస్ పెంచి. టీకాల చరిత్రలో అది పెద్ద మలుపు. ఆయన పేరు మాత్రం ఈ జబ్బుకి అతుక్కుపోయింది.

జలుబు సంగతి: 2020లో వాయువ్య లండన్‌లో కొన్ని నెలల్లోనే 8 యాంటీ జీబీఎం కేసులు వచ్చాయి, అక్కడి మామూలు లెక్కకి ఐదు రెట్లు. కొందరిలో కోవిడ్ తాలూకు యాంటీబాడీలు కూడా కనిపించాయి. అంటే ఇన్ఫెక్షన్ నిప్పురవ్వ కావచ్చు. కానీ కింద ఎండుగడ్డి ఉండాలి: హెచ్‌ఎల్‌ఏ డీఆర్15 అనే జన్యు రకం, సిగరెట్. స్ట్రెప్ నెఫ్రైటిస్‌కి అంత గడ్డి అక్కర్లేదు, సరైన రకం క్రిమి చాలు.

ట్రినిడాడ్‌లో చూపించిన యాంటీబాడీల్ని మాత్రం కోతికి ఎక్కించి నెఫ్రైటిస్ తెప్పించినట్టు నేనెక్కడా చదవలేదు. నా మొగ్గు అటు ఉండడానికి అదీ ఒక కారణం.

---

నైట్ డ్యూటీ · జూన్ 17, మధ్యాహ్నం 2:12

పెట్రీ సార్‌తో సగం ఏకీభవిస్తా. ప్లాస్మిన్ కథ బాగుంది, కానీ సీ3 అంతగా ఎందుకు పడుతుందో అది చెప్పదు. 2020లో ఫ్రాన్స్ బృందం ఇన్ఫెక్షన్ తర్వాతి నెఫ్రైటిస్ వచ్చిన 34 మంది పిల్లల్ని చూస్తే 31 మందిలో కాంప్లిమెంట్‌లోని ఫ్యాక్టర్ బీ అనే ప్రొటీన్ మీదే యాంటీబాడీలు కనిపించాయి. జబ్బు తగ్గాక అవీ పోయాయి. అంటే సొంత ప్రొటీన్ మీద యాంటీబాడీ ఉంది, అది పని కూడా చేస్తోంది, అయినా తాత్కాలికం. నాకు అందులో ఆసక్తి ఆ "తాత్కాలికం" అన్న ముక్క మీదే. గుడ్‌పాశ్చర్ యాంటీబాడీని మందుతో ఆపాలి. ఇవి వాటంతట అవే ఆగుతున్నాయి. ఎందుకో తెలిస్తే రెండో కిడ్నీ అన్నలాంటివాళ్లకి పనికొస్తుంది.

---

కావలి కుర్రోడు · జూన్ 17, సాయంత్రం 4:40

మధ్యలో వస్తున్నందుకు సారీ. మా మేనకోడలికి గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత గుండెకి వస్తే 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తున్నారు. ఈ బాబుకి కూడా వేయించాలా?

---

నైట్ డ్యూటీ · జూన్ 17, రాత్రి 8:03

అక్కర్లేదు. గుండె జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది, అందుకే ఇంజెక్షన్. నెఫ్రైటిస్ రెండోసారి రావడం అరుదు. క్రిమి మిగిలి ఉంటే దాన్ని చంపడానికి ఒక కోర్సు ఇస్తారు, అంతే. మేనకోడలిది మాత్రం ఒక్క డోసు కూడా తప్పనివ్వకండి.

---

రెండో కిడ్నీ · జూన్ 18, రాత్రి 10:19

అడ్డ ప్రశ్న గారూ, బాగున్నాను. క్రియాటినిన్ 1.3. సిగరెట్ లేదు. అమ్మకి కిడ్నీ ఒకటే ఉంది కాబట్టి ఆవిడ ఉప్పు నేను కొలుస్తున్నా, నా ఉప్పు ఆవిడ కొలుస్తుంది.

---

సోంపేట ఆడపడుచు · ఆగస్టు 20, రాత్రి 9:12

రెండు నెలలైంది, మీ అందరికీ చెప్పకుండా ఉండలేను. నిన్న సీ3 112 వచ్చింది. బీపీ మందు జులైలోనే ఆపేశారు. క్రియాటినిన్ 0.5. మూత్రంలో ప్రొటీన్ లేదు, ఎర్ర కణాలు మాత్రం ఇంకా 6–8 ఉన్నాయి. కంటికి కనిపించవు, ఏడాది దాకా అలా ఉండొచ్చు, మూడు నెలలకోసారి చూపిస్తే చాలన్నారు. ధైర్యం చేసి ఆ పేపర్ డాక్టర్ గారికి చూపించా. ఆయన నవ్వి, "మీ మరిదికి సాఫ్ట్‌వేర్‌లో పని తక్కువున్నట్టుంది" అన్నారు. తర్వాత కూర్చోబెట్టి, ఇక్కడ మీరు చెప్పిందే చెప్పారు, ముగ్గు లేకుండా.

---

అడ్డ ప్రశ్న · ఆగస్టు 20, రాత్రి 9:40

సంతోషం తల్లీ. ఇంతకీ యాంటీ జీబీఎం టెస్ట్ చేయించారా, లేదా?

---

సోంపేట ఆడపడుచు · ఆగస్టు 20, రాత్రి 10:01

లేదండీ. ఆ డబ్బుతో పెర్మెత్రిన్ క్రీము కొన్నాను, అమ్మ వాళ్లింట్లో పదకొండు మందికీ. అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి అన్నారు. అమ్మ "నాకు గజ్జేమిటే" అని మొండికేసింది. వీడే వెళ్లి అమ్మమ్మ కాళ్లకి రాశాడు.